కొత్త ఇంటి గోడకు బీట వస్తే: లప్పం పెట్టించే ముందు చూడాల్సినవి

గోడ బీట వారగానే చాలామంది ముందు పెయింటర్‌కి ఫోన్ చేస్తారు. దయచేసి ఆగండి. ఆ బీట ఆకారం, వెడల్పు, మొదలైన చోటు చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. బిల్డర్‌ని అడగడానికి మీ చేతిలో ఉన్న సాక్ష్యం కూడా అదే. మా ఇంట్లో బిల్డర్ మనుషులు వచ్చి లప్పం పెట్టి, రంగు వేసి వెళ్లిపోయారు. తర్వాతి ఎండాకాలానికి అదే చోట గీత మళ్లీ తేలింది. పాత బీట ఫొటో ఒక్కటీ నా దగ్గర లేదు.

అందుకే ముందు కొలవండి. బీట రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. స్కేలు లేకపోతే ఏటీఎం కార్డు చాలు, దాని మందం దాదాపు 0.76 మిల్లీమీటర్లు. కార్డు అంచు దూరని బీట సాధారణంగా సన్నదే. 5 మిల్లీమీటర్లు దాటితే మాత్రం తప్పకుండా ఇంజినీర్‌కి చూపించాలి. నెలకోసారి మళ్లీ కొలవండి. ఆగిపోయిన బీట వేరు, పెరుగుతున్న బీట వేరు.

గోడంతా సాలెగూడులా సన్నని గీతలు

ఇది ప్లాస్టరింగ్ లోపం. మాలులో సిమెంట్ ఎక్కువైనా, క్యూరింగ్ (రోజూ నీళ్లతో తడపడం) సరిగ్గా చేయకపోయినా ఇలా వస్తుంది. గోడకు ప్రమాదం లేదు. వేలితో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే అక్కడ ప్లాస్టర్ ఊడదీసి మళ్లీ చేయాలి. రాకపోతే ఒక ఏడాది ఆరనిచ్చి లప్పం, రంగు వేస్తే సరిపోతుంది.

పిల్లర్ పక్కన నిలువుగా, బీమ్ కింద అడ్డంగా తిన్నని గీత

కొత్త ఇళ్లలో తరచుగా కనిపించేది ఇదే. కాంక్రీటు, ఇటుక గోడ వేడికి ఒకేలా సాగవు. పైగా గోడలోని మాలు ఆరుతూ కుంచించుకుపోతుంది. రెండూ కలిసే చోట మెష్ (సన్నని ఇనుప వల) వేయకుండా ప్లాస్టర్ చేస్తే గీత పడుతుంది. ఇక్కడ లప్పం ఎన్నిసార్లు పెట్టినా నిలవదు. గీతకు అటూ ఇటూ 15 సెంటీమీటర్ల చొప్పున ప్లాస్టర్ కొట్టించి, సందును పాలిమర్ కలిపిన మాలుతో నింపి, చికెన్ మెష్ బిగించి, మళ్లీ ప్లాస్టర్ చేసి కనీసం 7 రోజులు తడపాలి. మెష్ బిగించాక, ప్లాస్టర్ పడకముందే మీరే ఒక ఫొటో తీసుకోండి.

స్విచ్ బోర్డు నుంచి నిలువుగా పాకే గీతకు కారణం పైపు కోసం కొట్టిన గాడిని సరిగ్గా నింపకపోవడం. రిపేరు పద్ధతి ఇదే. పై అంతస్తులో సరిగ్గా శ్లాబ్ కింద అడ్డంగా వచ్చే బీట ఎండకు శ్లాబ్ సాగి ముడుచుకోవడం వల్ల వస్తుంది. అక్కడ డాబా మీద వేడి తగ్గించకుండా లోపల ఏం పూసినా ఫలితం తక్కువ.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా, లేదా ఇటుకల వెంట మెట్లు మెట్లుగా

కిటికీ మూలల్లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి చిన్న గీత రావచ్చు. కానీ బీట ఒక కొస సన్నగా, మరో కొస వెడల్పుగా ఉండి, దగ్గర్లోని తలుపు పట్టేస్తూ ఉంటే పునాది కుంగుతోందేమో అని అనుమానించాలి. నల్లరేగడి నేల తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుంటుంది. మట్టి పోసి ఎత్తు చేసిన నేల దిగిపోవచ్చు. లీకయ్యే డ్రైనేజీ పైపు పునాది పక్కన మట్టిని మెత్తబరుస్తుంది. ముందు లీకులు వెతికి ఆపించండి. బీట మీద అడ్డంగా పల్చటి గాజు ముక్క అతికించండి, అది పగిలితే కదలిక ఆగలేదని అర్థం. పునాదికి ఏం చేయాలో స్ట్రక్చరల్ ఇంజినీర్ చెప్పాలి, మేస్త్రీ కాదు.

పిల్లర్ మీద, బీమ్ మీద బీట

దీనికి నెలల తరబడి చూస్తూ కూర్చోకూడదు. బీమ్ చివర ఏటవాలు బీట, తుప్పు మరక, పెచ్చు ఊడి కనిపించే కమ్మీ, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఇంజినీర్‌ని పిలవండి. ఆ గదిలో బరువులు తీసేయండి, పడుకోకండి.

బిల్డర్ "అన్ని ఇళ్లకూ వస్తాయండీ" అంటే

ఫోన్ మాటలతో సరిపెట్టుకోకండి. ఫొటోలు, కొలతలు, తేదీలతో మెయిల్ పంపండి. భారత్‌లో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 2016, సెక్షన్ 14(3) ప్రకారం ఇల్లు అప్పగించిన రోజు నుంచి 5 ఏళ్లలోపు స్ట్రక్చర్ లోపమైనా, పనితనం లోపమైనా మీరు తెలియజేస్తే, బిల్డర్ అదనపు డబ్బు అడగకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే పరిహారం కోరవచ్చు. అంటే ప్లాస్టర్ బీట కూడా ఇందులోకి వస్తుంది. "స్ట్రక్చర్‌కి మాత్రమే వారంటీ" అనే మాటకు భయపడకండి. అమెరికాలో చాలామంది బిల్డర్లు పనితనానికి 1 ఏడాది, పైపులు, వైరింగ్‌కి 2, స్ట్రక్చర్‌కి 10 ఏళ్లు ఇస్తారు. అక్కడ మొదటి ఏడాది ముగియకముందే పనితనం లోపాల జాబితా బిల్డర్‌కి అందాలి.

బిల్డర్‌కి రాయకుండా సొంతంగా రిపేరు చేయించినా, గోడ కొట్టి మార్పులు చేసినా అదే సాకుగా చూపే అవకాశం ఉంది. ప్రమాదం ఉండి ఆగలేకపోతే ఇంజినీర్ రిపోర్టు తీసుకుని, ఆ విషయం మెయిల్‌లో తెలిపి మొదలుపెట్టండి. రిపేరు అయ్యాక "పని పూర్తయింది" అనే కాగితం మీద సంతకం అడుగుతారు. ఏ కారణానికి ఏం చేశారో అందులో రాయించండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక మళ్లీ చూస్తామనే మాట కూడా ఉంటేనే సంతకం పెట్టండి.