విండోస్ 10 నుంచి డెబియన్‌కి జెల్లీఫిన్ మార్చేదెట్లా, ఇంట్లో వీడియోలు ఒక్కటి కూడా పోకుండా

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. తిరుపతిలో నాకు తెలిసినోళ్ళ ఇళ్ళల్లో ఇంకా దాని మీదే జెల్లీఫిన్ (డిస్క్‌లో ఉండే వీడియోల్ని టీవీలో చూపించే సర్వర్ ప్రోగ్రామ్) నడస్తా ఉండాది, టీవీ కింద పాత ల్యాప్‌టాప్ ఒకటి, దానికి యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ ఒకటి, అంతే సెటప్. ఆ ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కకపోయినా పారెయ్యబాకండి, కరెంట్ పోయినప్పుడు దాని బ్యాటరీనే యూపీఎస్ మాదిరి పనిచేస్తాది, డెబియన్ 13 (ఒక రకం ఉచిత లైనక్స్) వేసుకుంటే సర్వర్‌కి బాగా సరిపోతాది.

ముందు ఒక మాట. విండోస్‌లో ప్రోగ్రామ్‌డేటా లోపల ఉండే జెల్లీఫిన్ ఫోల్డర్‌ని అట్లే ఎత్తుకొచ్చి లైనక్స్‌లో పెడితే సరిపోతాదని చానామంది అనుకుంటారు, సరిపోదు, ఎందుకంటే ఆ డేటాబేస్‌లో ప్రతి సినిమా అడ్రస్సూ డీ డ్రైవ్ ఈ డ్రైవ్ అని రాసుంటాది, లైనక్స్‌లో ఆ డ్రైవ్ అక్షరాలే లేవు. అందుకని సర్వర్‌ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసి లైబ్రరీని మళ్ళా స్కాన్ చేయించడమే మంచి దారి. పోస్టర్లు, కథలు అన్నీ నెట్ నుంచి మళ్ళా వస్తాయి. రానివాటిల్లో ముఖ్యమైంది, ఎవరు ఏది చూసేశారు అనే లెక్క.

ఆ లెక్క కాపాడుకోవాలంటే విండోస్‌లో ఉండంగానే పని చెయ్యాల. లైబ్రరీ సెట్టింగ్స్‌లో మెటాడేటా సేవర్ కింద ఎన్ఎఫ్ఓ (సినిమా వివరాలు రాసిపెట్టే చిన్న ఫైల్) టిక్ పెట్టండి, డ్యాష్‌బోర్డ్‌లో ఎన్ఎఫ్ఓ సెట్టింగ్స్‌కి పోయి చూసిన వివరాలు ఎవరి పేరు మీద సేవ్ చెయ్యాలో ఆ యూజర్‌ని ఎంచుకోండి, తర్వాత మెటాడేటా రిఫ్రెష్ చేయించండి. సినిమా పక్కన ఎన్ఎఫ్ఓ ఫైల్ వస్తాది, చూసేసిన సినిమాది ఒకటి నోట్‌ప్యాడ్‌లో తెరిచి వాచ్డ్ అనే చోట ట్రూ అని ఉందో లేదో కళ్ళతో చూసుకోండి. ఇది ఒక్క యూజర్‌కే పనిచేస్తాది, ఇంట్లో అందరి లెక్కా కావాలంటే ట్రాక్ట్ (చూసినవాటి లెక్క నెట్‌లో దాచిపెట్టే సర్వీస్) ప్లగిన్ పెట్టుకోవాల.

అట్లే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేసి పూర్తిగా షట్‌డౌన్ చెయ్యండి, లేకపోతే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫార్మాట్) డిస్క్‌ని లైనక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తాది, ఒక్కోసారి అసలు తెరవదు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే అదీ తీసెయ్యండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ పీకి పక్కన పెట్టండి. మొహమాటం లేకుండా చెప్తా ఉండా, అది తగిలించి ఉండంగా ఇన్‌స్టాలర్‌లో తప్పు డిస్క్ నొక్కితే గంగజాతర వీడియోలు, చెల్లెలి పెళ్ళి వీడియో అన్నీ ఒక్క నిమిషంలో పోతాయి. సినిమాలు మళ్ళా దొరుకుతాయి, పెళ్ళి దొరకదు. దానికి వేరే డిస్క్‌లో ఇంకో కాపీ లేకపోతే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టబాకండి.

డెబియన్ లేచినాక జెల్లీఫిన్ వాళ్ళ సొంత రిపాజిటరీ (ప్రోగ్రామ్ దించుకునే చోటు) నుంచే ఇన్‌స్టాల్ చేసుకోండి. ల్యాప్‌టాప్ మూత మూస్తే నిద్రపోకుండా, మూత సంగతి చూసుకునే లాగిన్‌డీ కాన్ఫిగ్‌లో లిడ్ స్విచ్‌ని ఇగ్నోర్ అని పెట్టాల.

ఇంక ఎక్కువమంది ఇరుక్కునేది డిస్క్ దగ్గర. డెస్క్‌టాప్‌లో డిస్క్ తగిలిస్తే అది మీ పేరు మీద మౌంట్ అవుతాది, అంటే తెరుచుకుంటాది, మీకు ఫైళ్ళు కనిపిస్తాయి, కానీ జెల్లీఫిన్ నడిచేది జెల్లీఫిన్ అనే వేరే యూజర్ మీద, వాడికి ఆ ఫోల్డర్‌లోకి తలుపు మూసి ఉంటాది, లైబ్రరీ ఖాళీగా కనిపిస్తాది. అందుకని ఎంఎన్‌టీ కింద ఒక ఫోల్డర్ చేసి, డిస్క్ యూయూఐడీ (దాని గుర్తింపు నంబర్) తీసుకుని ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్ ఎక్కడ తెరవాలో రాసుండే ఫైల్) రాయండి, నోఫెయిల్ అనే మాట తప్పకుండా పెట్టండి, లేకపోతే డిస్క్ లేని రోజు మిషన్ బూట్ కాకుండా ఆగిపోతాది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ అయితే పర్మిషన్లు కూడా ఆ లైన్‌లోనే ఇవ్వాల. తర్వాత తీరిగ్గా ఇంకో డిస్క్ దొరికినప్పుడు లైనక్స్ సొంత ఫార్మాట్ ఈఎక్స్‌టీ4కి మారండి, ఇప్పుడే తొందర లేదు.

ఇంటెల్ ప్రాసెసర్ ఉంటే జెల్లీఫిన్ యూజర్‌ని రెండర్ గ్రూప్‌లో చేర్చి ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో క్విక్ సింక్ (వీడియో మార్చే పని ఇంటెల్ గ్రాఫిక్స్‌కి అప్పజెప్పేది) ఆన్ చెయ్యండి. ఏడో జనరేషన్ నుంచి 10 బిట్ హెచ్‌ఈవీసీ రకం వీడియో కూడా హార్డ్‌వేరే చూసుకుంటాది, మే నెల ఎండల్లో ఫ్యాన్ గోల తగ్గడానికి ఇదే ముఖ్యం. తెలుగు సబ్‌టైటిల్స్ డబ్బాలు డబ్బాలుగా వస్తే నోటో ఫాంట్లు వేసుకోండి, సర్వర్ వీడియో మీద అక్షరాలు అచ్చేసేటప్పుడు సిస్టమ్‌లో ఉండే ఫాంట్‌నే వెతుక్కుంటాది.

ఇప్పుడు వరస జాగ్రత్త, కొత్త జెల్లీఫిన్‌లో ముందు యూజర్, తర్వాత ఎన్ఎఫ్ఓ సెట్టింగ్‌లో ఆ యూజర్ పేరు, ఆ తర్వాతే లైబ్రరీ కలిపి స్కాన్. స్కాన్ ముందే అయిపోతే చూసిన లెక్క లోపలికి రాదు. పెళ్ళి వీడియోలకి హోమ్ వీడియోస్ రకం లైబ్రరీ పెట్టండి, లేకపోతే ఏదో సినిమా పోస్టర్ తగిలిస్తాది.

చివరగా రౌటర్‌లో పాత ఐపీనే ఈ మిషన్‌కి రిజర్వ్ చేసుకోండి, పోర్ట్ 8096 మారదు. అయినా టీవీ యాప్‌కి ఇది కొత్త సర్వరే, పాతది తీసేసి మళ్ళా కలిపి, అమ్మకి ఒకసారి రిమోట్ ఇచ్చి పెట్టించి చూడండి.