మహారాష్ట్ర సరిహద్దులోని సిరొంచ, ధర్మాబాద్ వైపు కొత్తగా లాటరీ టికెట్ కొనే ముందు

మహారాష్ట్ర ప్రభుత్వ లాటరీ 1969 నుంచి నడుస్తోంది, చట్టబద్ధమే. సరిహద్దు దాటి తెలంగాణలోకి వస్తే మాత్రం లాటరీ అమ్మకం నిషేధం. అందుకే అక్కడి చుట్టాలకు అమ్మిపెడతామని టికెట్లు పట్టుకెళ్లకండి.

డబ్బు ఇచ్చే ముందు టికెట్ చేతిలోకి తీసుకుని చూడండి. రాష్ట్ర ప్రభుత్వ పేరు, ముద్ర, డ్రా తేదీ ఉండాలి. చీటీ మీద నంబరు రాసిచ్చి "ఇదే లాటరీ" అంటే అది మట్కా, అంటే నంబర్ల మీద ఆడే అక్రమ జూదం, కొనొద్దు. 1998 కేంద్ర లాటరీల చట్టం ఒంటి అంకె మీద బహుమతి పెట్టడాన్నే ఒప్పుకోదు.

టికెట్ వెనక మీ పేరు, సంతకం వెంటనే పెట్టండి, ఫోటో తీసుకోండి. క్లెయిమ్ గడువు కూడా అక్కడే చదవండి. మరాఠీ రాకపోతే తెలిసినవాళ్లతో చదివించుకోండి, కానీ టికెట్ వాళ్ల దగ్గర వదలొద్దు.

"కేరళ లాటరీ తగిలింది, ముందు ఫీజు కట్టండి" అని వాట్సాప్‌లో వస్తే పూర్తిగా మోసం. కేరళ ప్రభుత్వం ఆన్‌లైన్‌లో టికెట్లే అమ్మదు. మన పెద్దవాళ్లకు ఇది తప్పకుండా చెప్పండి.

బహుమతి 10,000 రూపాయలు దాటితే 30 శాతం పన్ను ముందే కోస్తారు. పాన్ కార్డు సిద్ధంగా పెట్టుకోండి.

అప్పు చేసి, పత్తి విత్తనాల డబ్బు తీసి అసలు కొనకండి.