డెలివరీ పని నేర్చుకుందాం – 6వ పాఠం: “విప్పి చూశాకే డబ్బులు”

క్రితం పాఠం చివర ఒక పని చెప్పాను. పొద్దున హబ్‌లో, అంటే మనకు పార్సిళ్లు పంచిచ్చే గోడౌన్‌లో, బ్యాగ్ సర్దుకునేటప్పుడే పార్సిళ్లను మూడు వాటాలు వేసి లెక్క రాసుకోమన్నాను: డబ్బులు ముందే కట్టేసినవి, ఇంటి దగ్గర డబ్బులు తీసుకోవాల్సిన సీఓడీలు, ఓపెన్ బాక్స్ డెలివరీలు. వారం రోజులు రాసినవాళ్లకు మాటలు పడ్డ పార్సిళ్లు ఏ వాటాలో ఎక్కువున్నాయో ఈపాటికి తెలిసే ఉంటుంది. విజయవాడలో నా రూటులో అయితే అన్నీ రెండో వాటాలోవే. నలభై వేల ఫోను దగ్గర ఎన్నడూ లేని గొడవ ఏడు వందల చీర దగ్గర అయ్యేది.

కారణం ఉంది. ఖరీదైన ఫోనుకు, ల్యాప్‌టాప్‌కు చాలాసార్లు ఓపెన్ బాక్స్ ఉంటుంది, మనమే విప్పి చూపిస్తాం. ఏడు వందల చీరకు ఉండదు. పైగా ఆ ఏడు వందలు ఇచ్చేవాళ్లకు అది చిన్న మొత్తం కాదు. ఫోన్ డబ్బాలో సబ్బు వచ్చిందన్న వార్త అందరూ చదివారు. చదివినవాళ్లు తలుపు తీసి మొదట అనే మాట ఒక్కటే: “విప్పి చూడకుండా డబ్బులెట్టా ఇస్తామయ్యా?”

ఈ పాఠమంతా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం గురించే.

అడిగేవాళ్లది తప్పు కాదు

రైతుబజారులో కొన విరిచి చూడందే బెండకాయను సంచిలో వేసుకోం. కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తాం. బట్టల మూట దించిన వ్యాపారి అరుగు మీద ఇరవై చీరలు పరిస్తే, అంచు వేళ్ల మధ్య నలిపి చూశాకే బేరం మొదలవుతుంది. అలా కొనడం అలవాటైన మనిషి చేతిలో టేపు చుట్టిన డబ్బా పెట్టి, ముందు డబ్బులివ్వండి, తర్వాత చూసుకోండి అంటే ఎవరికైనా గుండె గుబులుమంటుంది. ఆ గుబులును మన మీద అనుమానమని తీసుకోకండి. నేను మొదట్లో అలాగే తీసుకుని చాలా నష్టపోయాను.

చట్టం కూడా కొన్నవాళ్ల పక్షానే మాట్లాడుతుంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం, 41వ సెక్షన్. ముందుగా చూడని సరుకు చేతికి వస్తే, దాన్ని పరీక్షించుకునే తగిన అవకాశం దొరికేదాకా కొన్నవాళ్లు దాన్ని ఒప్పుకున్నట్టు లెక్క కాదు. వేరే ఒప్పందం లేనప్పుడు, వాళ్లు అడిగితే అమ్మేవాళ్లు చూసుకోనివ్వాలి కూడా. ఇందులో మనకు పనికొచ్చే ముక్కలు రెండు. మొదటిది ‘వేరే ఒప్పందం లేనప్పుడు’ అన్నది: ఆర్డర్ పెట్టేటప్పుడు ఒప్పుకున్న షరతుల్లో డబ్బు ముందు, విప్పడం తర్వాత అని ఉంటే గుమ్మం దగ్గర అదే నడుస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. పార్సిల్ అందుకోవడం వేరు, సరుకును ఒప్పుకోవడం వేరు. సంతకం పెట్టి డబ్బా లోపలికి తీసుకెళ్లినంత మాత్రాన “బాగుంది, నాకు సమ్మతమే” అన్నట్టు కాదు. ఈ తేడా చాలామంది కస్టమర్లకు తెలియదు. ఒకసారి డబ్బులిస్తే అంతా అయిపోయిందనుకుంటారు, అందుకే అంత గట్టిగా పట్టుబడతారు. తెలిసేలా చెప్పగలిగితే సగం మంది అక్కడే మెత్తబడతారు.

ఈ పేచీ యాప్‌లతో పుట్టింది కాదు. డబ్బు కట్టించుకుని పార్సిల్ అందించే వి.పి.పి. పద్ధతిని మన దేశంలో తపాలా శాఖ 1877లోనే మొదలుపెట్టింది. పాత తెలుగు పత్రికల ప్రకటనల్లో “వి.పి.పి. ద్వారా పంపబడును” అని ఉండేది గుర్తుందా? అప్పుడూ పోస్ట్‌మ్యాన్ డబ్బు తీసుకున్నాకే పార్సిల్ చేతికిచ్చేవాడు.

బెల్లు కొట్టకముందే

నేర్చుకోవాల్సిన మొదటి పని ఫోన్‌లో ఉంది. బయల్దేరే ముందు చేసే కాల్‌లో చాలామంది “పార్సిల్ వచ్చింది, ఇంట్లో ఉన్నారా?” అని పెట్టేస్తారు. సీఓడీకి ఇంకో రెండు ముక్కలు కలపండి:

“నమస్తే అమ్మా, మీ పేరున పార్సిల్ ఉంది. 640 రూపాయలు ఇవ్వాలి. ఇది డబ్బులిచ్చాక విప్పుకునే పార్సిలమ్మా. నచ్చకపోతే యాప్‌లో రిటర్న్ పెట్టుకోవచ్చేమో ఒకసారి చూసి ఉంచండి.”

అంతే. ఇదే మాట గుమ్మంలో చెబితే అప్పటికప్పుడు కల్పించిన అడ్డంకిలా వినిపిస్తుంది. ఫోన్‌లో చెబితే కబురు. వద్దనుకునేవాళ్లు అక్కడే వద్దంటారు, మూడంతస్తులు ఎక్కే పని తప్పుతుంది. ప్రతి ఆర్డరుకూ రిటర్న్ ఒకేలా ఉండదు కాబట్టి “తప్పకుండా వెనక్కి తీసుకుంటారు” అని మాత్రం మీరు మాటివ్వకండి. ఆ మాట ఇవ్వాల్సింది కంపెనీ.

“ఏం చూడాలనుకుంటున్నారు?”

పాఠం మొత్తంలో ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. దీన్ని నాకు నేర్పింది సత్యనారాయణపురంలో ఒక పెద్దావిడ.

పార్సిల్ 749 రూపాయలది, పట్టుకుంటే మెత్తగా ఉంది. ఆవిడ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. డబ్బు కొంగుముడిలో ఉందని కనపడుతూనే ఉంది. “విప్పు బాబూ, చూసి ఇస్తా” అన్నారు. నేను “కుదరదమ్మా” అన్నాను. ఆవిడ కొంగుముడి విప్పలేదు, నేను ప్యాకెట్టు విప్పలేదు. ఐదు నిమిషాలు అలాగే గడిచాయి. ఎండ మాడిపోతోంది, బ్యాగ్‌లో ఇంకా ముప్ఫై ఉన్నాయి. చివరికి విసుగుతోనే అడిగాను: “అసలు ఇందులో ఏం చూడాలమ్మా మీకు?”

“నా మోకాలికి పడుతుందో లేదో చూడొద్దూ? పోయినసారి తెచ్చింది తొడకు రాలేదు.”

మోకాలి పట్టీ. ఆవిడకు కావాల్సింది సైజు. ప్యాకెట్టు మీద అతికించిన బిల్లు చూశాను. వస్తువు పేరు పక్కనే సైజు అచ్చేసి ఉంది. చదివి వినిపించాను. ఆర్డర్ పెట్టిన మనవరాలికి ఆవిడ ఫోన్ నుంచే కలిపాం. “అదే సైజు అమ్మమ్మా, కొలిచే పెట్టాను” అంది ఆ పిల్ల. కొంగుముడి విడింది. నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టి, “ముందే అడగొచ్చుగా నాయనా” అన్నారు.

నిజమే, ముందే అడగొచ్చు. “విప్పి చూడాలి” అనే మాట వెనక ప్రతి ఇంట్లోనూ ఒక అసలు కోరిక ఉంటుంది. సైజు సరిపోతుందా, రంగు అదేనా, పగిలిందా, అసలు తాము పెట్టిన ఆర్డరేనా, ఖాళీ డబ్బానా. వీటిలో చాలావాటికి విప్పకుండానే జవాబు దొరుకుతుంది. తమ ఆర్డరేనా అంటే లేబుల్ మీద పేరు, ఆర్డర్ నంబరు వాళ్ల యాప్‌తో సరిచూడండి. ఖాళీ డబ్బా అనుమానమైతే వాళ్ల చేతికిచ్చి బరువు చూడమనండి. పగిలిందేమోనంటే ఆరు వైపులా తిప్పి చూపించి, మెల్లగా కదిపి వినిపించండి. రంగు, గుడ్డ నాణ్యత మాత్రం విప్పితేగానీ తెలియవు. అప్పుడు దాపరికం లేకుండా అలాగే చెప్పాలి.

ఎలా చెప్పాలి? “రూల్ లేదు”, “నాకు తెలీదు”, “కంపెనీకి ఫోన్ చేసుకోండి” – ఈ మూడూ మానేయండి. ఇవి విన్నవాళ్లకు మనం తలుపేసినట్టు ఉంటుంది. నేను చెప్పేది ఇది:

“విప్పితే తెలుస్తుందమ్మా, మీరన్నది నిజమే. కానీ డబ్బులివ్వక ముందు విప్పితే హబ్‌లో వెనక్కి తీసుకోరు, నా జీతంలో పోతుంది. మీరు డబ్బులిచ్చి విప్పండి, వీడియో తీసుకుంటూ విప్పండి. తేడా ఉంటే రిటర్న్ ఎలా పెట్టాలో చూపించే వెళ్తాను. ఇప్పుడు తీసుకున్నంత మాత్రాన మీరు ఒప్పుకున్నట్టు కాదు. ఇష్టం లేకపోతే వద్దనండి, నేనేమీ అనుకోను.”

చివరి వాక్యం తప్పకుండా అనండి. వద్దనే హక్కు తమకుందని తెలిశాక మనుషుల గొంతు మారుతుంది.

జీతంలో పోతుందన్నది ఊరికే బెదిరించడానికి చెప్పే మాట కాదు. నేను చేరిన మొదటి ఏడాది, పటమటలో ఒకాయన బతిమాలితే జాలిపడి సీఓడీ కుర్తా విప్పి చూపించాను. రంగు నచ్చలేదని ఇచ్చేశాడు. సాయంత్రం హబ్‌లో సీలు తెగిందని రాసి నా పేరున 899 రూపాయలు వేశారు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు కనబడ్డ ప్రతి కస్టమర్‌తోనూ గరుకుగా మాట్లాడాను. తప్పు చేసింది నేను, అనుభవించింది మొగల్రాజపురం, గాంధీనగర్ జనం. దానికి నేను ఇప్పటికీ బాధపడతాను.

సీలు ముందే చిరిగి ఉన్నా, తడిసి ఉన్నా, టేపు మీద టేపు వేసినట్టు అనుమానంగా ఉన్నా లెక్క వేరు. అలాంటి పార్సిల్‌ను పొద్దున హబ్‌లోనే పక్కన పెట్టించండి. కళ్లుగప్పి గుమ్మం దాకా వచ్చేస్తే మీరే చెప్పండి: “అమ్మా, ఇది చిరిగింది, తీసుకోకండి.” ఆ ఒక్క మాటకు ఆ వీధిలో మీ పరపతి ఏడాది నిలుస్తుంది.

ఓపెన్ బాక్స్: చేతుల క్రమం

ఇక్కడ వాదనకు చోటే లేదు, విప్పి చూపించడమే మన పని. అయితే విప్పే తీరు నేర్చుకోవాలి.

లోపలికి రమ్మన్నా గడప దాటకండి. గుమ్మం ముందు చదునైన చోట, స్టూలు ఉంటే స్టూలు మీద, లేబుల్ పైకి ఉండేలా డబ్బా పెట్టండి. కస్టమర్ ఎదురుగా ఉండాలి, మీ వెనక కాదు. ముందు లేబుల్ చదివించండి, సీలు చూపించండి, ఫోన్‌లో తీసుకుంటారా అని అడగండి. బండి తాళంచెవితో టేపు పీకకండి. అట్ట చిరిగి, అంతకుముందే ఎవరో విప్పినట్టు కనిపిస్తుంది. చిన్న కట్టర్ వాడండి, బ్లేడు ఒక్క గాడి మాత్రమే బయటికి రావాలి. ముందు రెండు పక్కల టేపు, ఆ తర్వాత మధ్య గీత. ఒత్తకుండా పైపైన లాగితే టేపు ఒక్కటే తెగుతుంది. లోతుగా దించి లోపలి డబ్బాను గీరినవాళ్లను నేను చూశాను. ఆ గీత ఎవరిదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

మూత తెరిచాక చేతులు వెనక్కి తీసేయండి. “మీరే తీయండి సార్” అనండి. ఇది నా పద్ధతి. మీ కంపెనీ మీరే తీయాలంటే, అరచేతులు రెండూ ఒకసారి చూపించి, మెల్లగా, వాళ్ల కళ్లముందే తీయండి. యాప్ ఏవేవి చూపించమంటే అంతవరకే: అదే వస్తువా, పగుళ్లున్నాయా, ఛార్జర్ లాంటివి అన్నీ వచ్చాయా.

ఓటీపీ అన్నిటికన్నా చివర. “టైమ్ లేదు సార్, ముందు ఓటీపీ చెప్పండి, తర్వాత విప్పుదాం” అనే అలవాటు కొన్ని రూట్లలో పాకింది. అలా చేయకండి. ఓటీపీ చెప్పడమంటే “చూసుకున్నాను, సరిగ్గా ఉంది” అని కస్టమర్ రాసిచ్చినట్టు. చూడకముందే అది రాయించుకోవడం మోసం. రోజుకు 60 పార్సిళ్లలో ఆరు ఓపెన్ బాక్సులుంటే, ఒక్కోదానికి ఐదు నిమిషాల చొప్పున అరగంట. ఆ అరగంటను పొద్దున రూటు వేసుకునేటప్పుడే పక్కన పెట్టుకోవాలి, కస్టమర్ దగ్గర దొంగిలించకూడదు.

తేడా కనబడితే “బానే ఉంది కదా సార్” అనకండి. ఫోటో తీయండి, వెనక్కి సర్దండి, యాప్‌లో కారణం ఉన్నదున్నట్టు వాళ్ల ముందే నొక్కండి. పగిలిన వస్తువుకు “కస్టమర్ వద్దన్నారు” అని నొక్కితే, రేపు వాళ్లు ఫిర్యాదు చేసినప్పుడు మీ నొక్కుడే వాళ్లకు ఎదురు సాక్ష్యమవుతుంది.

డబ్బులిచ్చి విప్పాక తేడా వస్తే

రెండు నిమిషాలు నిలబడండి, పారిపోకండి. నేను ఇప్పుడు వెనక్కి తీసుకోలేనని మళ్లీ చెప్పి, యాప్‌లో రిటర్న్ ఎక్కడుందో చూపించండి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు లోపంతో ఉన్నా, నకిలీదైనా, సైటులో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోనని అనకూడదు. ఫిర్యాదు అందిందని కంపెనీ గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఈ నంబరు రాసిన చిన్న చీటీలు నా బ్యాగ్ పక్క జేబులో ఎప్పుడూ ఉండేవి.

ఈ వారం అభ్యాసం

కింది మూడింటికీ మీరనే మాట పైకి పలికి, ఫోన్‌లో రికార్డు చేసుకుని, మీరే వినండి.

ఒకటి: ఇంట్లో పదో తరగతి పిల్లాడొక్కడే ఉన్నాడు. వాళ్ల నాన్న ఫోన్‌లో “విప్పించి చూడరా” అంటున్నాడు. పార్సిల్ 1,250 రూపాయల సీఓడీ బూట్లు.

రెండు: ల్యాప్‌టాప్ ఓపెన్ బాక్స్. మేడమ్ మీటింగ్‌లో ఉండి “ఓటీపీ చెప్పేస్తా, గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోండి” అంటున్నారు.

మూడు: పెద్దాయన చూస్తుండగానే, మీరు వద్దనేలోపే డబ్బులివ్వకుండా ప్యాకెట్టు చించేశారు. లోపలి చొక్కా చూసి వద్దంటున్నారు.

మూడోది కష్టం. గొంతు పెంచకుండా మీ టీమ్ లీడర్‌కు ఏమని ఫోన్ చేస్తారో కూడా కలిపి రికార్డు చేయండి. ఈ మూడింటికీ నా జవాబులు 7వ పాఠం మొదట్లో చెబుతాను. ఆ పాఠం రిటర్న్ పికప్ గురించి: అప్పుడు గుమ్మంలో నిలబడి, వస్తువు విప్పి చూస్తేగానీ తీసుకోనని చెప్పాల్సింది మనం.