కోనసీమ బయల్దేరే ముందు

– అమలాపురానికి ఇంకా రైలు లేదు. రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా బస్సెక్కాలి.

– జూలై, ఆగస్టుల్లో అయితే గోదావరి వరద సంగతి ముందే కనుక్కోండి. నది మధ్యలోని లంక ఊళ్లకి వెళ్లే కాజ్‌వేలు మునిగిపోతాయి.

– అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట నీళ్లు పైకి నెమ్మదిగానే ఉంటాయి, అడుగున లాగేస్తాయి. మోకాలు దాటి దిగొద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు. మాఘమాసంలో అక్కడ నరసింహస్వామి కల్యాణం. గది ముందే మాట్లాడుకోకపోతే టెన్షనే.

– దోమల మందు.

– కారు కొబ్బరిచెట్టు కింద పెట్టకండి. నీడ బాగుందని పెట్టాను, అద్దం పగిలాక తెలిసొచ్చింది.

– ఆత్రేయపురం పూతరేకులు తిరుగు ప్రయాణంలోనే కొనండి. బ్యాగు అడుగున పెడితే ఇంటికొచ్చేది పొడే.