టెలికాలర్ సిమ్ ఆగిపోయిందా, బల్క్ మెసేజ్ పోవట్లేదా? ఇవి చూసుకోండి

సమస్య: ఆఫీసు నంబర్ల నుంచి అవుట్‌గోయింగ్ ఆగిపోయింది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, మామూలు పది అంకెల సిమ్‌తో ప్రచారం కాల్స్ చేయించడం. ఎవరో అమ్మిన ఎక్సెల్ షీటు టెలికాలర్ల చేతిలో పెట్టి, "సార్, శంషాబాద్ దగ్గర ప్లాట్లున్నాయి" అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొట్టిస్తుంటారు చూడండి, అదే. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) రూల్స్ మార్చాక పది రోజుల్లో ఐదుగురు ఫిర్యాదు చేస్తే చాలు, చర్య మొదలవుతుంది (అంతకుముందు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులు ఉండాల్సి వచ్చేది). మొదటిసారి 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్, మళ్లీ చేస్తే ఏడాది పాటు మీ పేరు మీదున్న కనెక్షన్లన్నీ కట్. కాబట్టి ఇంకో సిమ్ తెచ్చుకుందాంలే అనుకుంటే కుదరదు.

"మేం డీఎన్‌డీ (ప్రచారం కాల్స్ వద్దని నమోదు చేసుకున్న) నంబర్లు తీసేశాకే చేశాం కదా" అంటారు కొందరు. రిజిస్టర్ కాని నంబరు నుంచి ప్రచారం కాల్ వస్తే, డీఎన్‌డీలో లేనివాళ్లు కూడా ఇప్పుడు 1909కి ఫిర్యాదు చేయొచ్చు.

పరిష్కారం: టెలికాం కంపెనీ డీఎల్‌టీ పోర్టల్‌లో (వ్యాపార కాల్స్, మెసేజ్‌లు పంపేవాళ్లు నమోదు చేసుకునే చోటు) మీ వ్యాపారాన్ని నమోదు చేయించి, ప్రచారం కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయండి. 1600 సిరీస్ బ్యాంకులు, బీమా, ప్రభుత్వ సంస్థల సర్వీస్ కాల్స్ కోసం, ప్లాట్లు అమ్మేవాళ్లకు కాదు.

సమస్య: డబ్బులు కట్టాం, మెసేజ్ మాత్రం డెలివర్ కావట్లేదు

ఎక్కువసార్లు టెంప్లేట్ (డీఎల్‌టీలో ముందే రిజిస్టర్ చేసిన మెసేజ్ నమూనా) సరిపోలలేదన్నమాట. "మీ ఫీజు రూ. ఇంత అందింది" అని రిజిస్టర్ చేసి, పంపేటప్పుడు "మీ ఫీజు రూ. ఇంత ముట్టింది" అంటే ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది, మార్చుకోవడానికి వీలున్నది వేరియబుల్ (పేరు, మొత్తం లాంటివి నింపే ఖాళీ) పెట్టిన చోట మాత్రమే. లింకు ఉంటే 2024 అక్టోబర్ 1 నుంచి దాన్నీ ముందే వైట్‌లిస్ట్ చేయించాలి, అంటే అనుమతించిన లింకుల జాబితాలో చేర్పించాలి. రెండూ సరిగ్గానే ఉండి, ఈమధ్యే బల్క్ ఎస్ఎంఎస్ వెండర్‌ను మార్చి ఉంటే, డీఎల్‌టీలో కొత్త వెండర్‌తో చైన్ కట్టారో లేదో (మీ మెసేజ్‌లు ఆ వెండర్ ద్వారానే వెళ్తాయని నమోదు చేశారో లేదో) చూడండి, చాలామంది మర్చిపోయేది ఇదే.

సమస్య: బిల్లు మెసేజ్ మీద కూడా ఫిర్యాదు వచ్చింది

బిల్లు కింద "ఈ ఆదివారం 20 శాతం తగ్గింపు" అని తగిలించి ఉంటారు. ఆ ఒక్క లైనుతో అది ప్రచారం మెసేజ్ అయిపోతుంది. ఆఫర్ విడిగా, ప్రమోషనల్ టెంప్లేట్‌లో పంపండి.

సమస్య: "నంబరు కస్టమరే ఇచ్చాడు, మళ్లీ మా మీదే కంప్లైంటా?"

కౌంటర్ దగ్గర బిల్లు కోసం ఇచ్చిన నంబరు ప్రకటనలకు అనుమతి కాదు. డీఎల్‌టీ ద్వారానే అనుమతి అడగండి, 127తో మొదలయ్యే షార్ట్ కోడ్ నుంచి కస్టమర్‌కు మెసేజ్ వెళ్తుంది, ఒప్పుకుంటే రికార్డవుతుంది. తర్వాత ఎప్పుడైనా వద్దంటే 90 రోజుల దాకా మళ్లీ అడగకూడదు. ఆ పేరు మీ టెలికాలర్ షీటులోంచి కూడా తీసేయండి, పోర్టల్‌లో తీసేసి షీటులో వదిలేస్తే మర్నాడే ఎవరో ఒకరు అదే నంబరుకు కొడతారు.