అరవై దాటాక కోలాటం మొదలుపెట్టాలంటే

జిమ్ము అంటే బెరుకు, వాకింగ్ అంటే బోరు, మోకాళ్ళు పట్టేస్తున్నాయని కూర్చుంటే ఇంకా పట్టేస్తాయి, అందుకే నేనైతే పెద్దాళ్ళకి కోలాటమే చెప్తా. బతుకమ్మ ఆడినవాళ్ళకైతే సగం వచ్చేసినట్టే.

ముందు కుర్చీలో కూర్చునే ఓ 5 నిమిషాలు మడమలు ఎత్తి దించండి, భుజాలు తిప్పండి. తర్వాత కర్రల్లేకుండా ఉత్త చప్పట్లతో అడుగులు, కుడికాలు పక్కకి, ఎడమకాలు దాని దగ్గరికి, చప్పట్లు, మళ్ళీ ఎడమవైపు అంతే. గిర్రున తిరగొద్దు, చిన్న చిన్న అడుగులేసి తిరగండి. చీరైతే కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోండి, సాక్సులేసుకుని నున్నటి టైల్స్ మీద మాత్రం అస్సలొద్దు. అడుగులు కుదిరాకే కర్రలు.

ఆడుతూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతుంటే స్పీడ్ కరెక్ట్, మాటే రాకపోతే తగ్గించండి. వారానికి కనీసం 150 నిమిషాలు ఇలా ఒళ్ళు కదలాలి అంటుంది డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ), 65 దాటితే బ్యాలెన్స్ కసరత్తు 3 రోజులైనా ఉండాలట, మెనోపాజ్ తర్వాత ఎముకలు పలచబడతాయి కదా, పడితే విరిగే భయం ఎక్కువ, ఈ పక్క అడుగులు దానికే. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి.

కోడలు చూసి నవ్విందా, ఆమె చేతికీ రెండు కర్రలివ్వండి.