స్టేజీ ఎక్కగానే గొంతు పోయే పిల్లలకు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి పిల్లలు ఇంట్లో గలగలా మాట్లాడతారు, చవితి పందిట్లో మైకు ముందు మాత్రం నోరు పెగలదు. ఈసారి నాటికకు డైలాగులు రాసివ్వలేదు. కథ చెప్పి, ఒక్కొక్కరినీ 2 మాటలు సొంతంగా అనమన్నాను. సగం తెలుగు, సగం ఒడియా వచ్చింది. అలాగే రాసుకున్నాం, చూసేవాళ్లదీ అదే భాష కదా! తర్వాత 5 రోజులు, రోజుకు 10 నిమిషాలు ప్రాక్టీసు. ఒకరు 20 అడుగుల దూరంలో నిలబడి, మాట వినిపిస్తేనే చెయ్యెత్తాలి. "గట్టిగా, గట్టిగా" అని మనం అరవక్కర్లేదు. మరీ బిడియపడే పిల్లకు మొదట ఇంకో ఇద్దరితో కలిసి అనే మాటే ఇవ్వండి. పద్యాలకు మాత్రం ఈ సొంత మాటల పద్ధతి పనికిరాదు. మాట మారితే ఛందస్సు చెడుతుంది, అవి కంఠస్థం చేయాల్సిందే.